నాలుగు గీతల టవర్

సోమమ్మకు అనుమానం ఊరికే రాదు, వచ్చిందంటే ఊరికే పోదు. పాలవాడు పాలు పోస్తుంటే ఆమె చూపు గిన్నె మీద ఉండదు. కొలతలో వాడి బొటనవేలు ఎంత మునిగిందా అని చూస్తుంది. బస్సు కండక్టరు టికెట్ ఇస్తే పక్క సీటువాళ్ళకు చూపించి, ఇది ఇవాళ్టిదేనా అని అడుగుతుంది. ఆమెకు చదువు రాదు. చదువు రానివాళ్ళను మోసం చేయడానికే లోకమంతా పొద్దున్నే నిద్ర లేస్తుందని ఆమె గట్టి నమ్మకం. అందులో పూర్తిగా తప్పు కూడా లేదు లెండి.

అలాంటి సోమమ్మ ఫోను పన్నెండు రోజులుగా ఇంట్లో మోగలేదు.

ఎండాకాలం నుంచి అది అంతంతగానే పలుకుతున్నా, పీడా పోయిందనే అనుకుంది. కానీ ఇవి కొత్తల రోజులు. మద్దేడుకు రెండు కోసుల దూరంలో ఉన్న ఆమె పుట్టింట్లో తాతల నాటి నుంచి ఒక ఆచారం ఉంది. కొత్త వడ్లు దంచి, కొత్త బియ్యం వండి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఆ ఇంటి పెద్ద ఆడబిడ్డను అడగాలి. "కొత్తలు తింటున్నం అక్కా, తినమంటవా?" అని తమ్ముడు అడుగుతాడు. "తినుండ్రి బిడ్డా, సల్లగుండుండ్రి" అని ఆమె అంటుంది. అప్పుడే ముద్ద ఎత్తుతారు. ఒకప్పుడు ఆమె అత్తగారి ఊరికి నడిచి వచ్చి అడిగేవాడు తమ్ముడు రామయ్య. భర్త పోయాక ఆమె కొడుకు వెంట జగదల్‌పూర్ చేరింది. అప్పటి నుంచి ఆరేళ్ళుగా ఫోనులోనే అడుగుతున్నాడు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. అడగాల్సింది తమ్ముడే. ఆడబిడ్డ తనంతట తాను ఫోను చేసి "తిన్నరా, ఇంకా తినలేదా" అని కనుక్కోకూడదు. కనుక్కుంటే అడుక్కున్నట్టే. ఇక ఆమెను అడగకుండా తిన్నారంటే, ఆ గడపకూ ఆమెకూ తెగిపోయినట్టే. అరవై రెండేళ్ళ మనిషికి అమ్మానాన్నా లేరు, మొగుడు లేడు. ఆ ఒక్క మాట అడిగే ఇల్లు కూడా లేకుండా పోతే ఇంకేం మిగిలింది?

దసరా రథం తిరిగి, పట్నంలో జనం పలచబడిన మర్నాటి నుంచి సోమమ్మ ఫోనును రవికెలో పెట్టుకుని తిరుగుతోంది. స్నానానికి వెళ్తే గుడ్డలో చుట్టి తలుపు దగ్గర పెట్టుకుంటుంది. అది మోగదు.

మొదట్లో తప్పంతా రామయ్యదే అనుకుంది. నిరుడు ఒక్కసారి మాత్రం కొత్తలకు తనే స్వయంగా ఊరికి వెళ్ళింది. అక్కడ అందరి ముందు, మేకకూర ఉడకలేదు, దీన్ని నమిలే పళ్ళు ఎవరికున్నాయిరా అని అన్నది. రామయ్య మొహం మాడ్చుకున్నాడు. అది కడుపులో పెట్టుకుని ఏడాది తిరిగేసరికి కక్ష తీర్చుకుంటున్నాడని లెక్క కట్టింది. మూడు రోజులు ఆ అనుమానంతో గడిపింది. నాలుగో రోజున ఇంకోటి పుట్టింది.

దానికి ముందు జగదల్‌పూర్‌లో టవర్ సంగతి చెప్పాలి. పేరుకు పెద్ద పట్నం. కలెక్టరేటు రోడ్డు మీద నిలబడితే ఫోనులో సినిమా ఎక్కడా ఆగకుండా నడుస్తుంది. సంజయ్ మార్కెట్‌లో కూరగాయల ముసలమ్మలు కూడా మనవరాళ్ళతో మొహాలు చూసుకుంటూ మాట్లాడతారు. అక్కడి నుంచి నాలా మీది వంతెన దాటి బట్టీపారా బస్తీలోకి వస్తే లోకం మారిపోతుంది. వంతెన దగ్గరి పాన్ డబ్బా దాకా టవర్ ఉంటుంది, పాన్ డబ్బా దాటితే ఉండదు. ఎండాకాలంలో కంపెనీవాళ్ళు వచ్చి టవర్ మీద పాత డబ్బాలు దింపి కొత్తవి ఎక్కించారు. వంతెనకు బ్యానరు కట్టారు. ఆ తరువాత కొందరి ఫోన్లు పరుగెత్తాయి, కొందరివి చచ్చిపోయాయి. ఒక ఇంట్లో అన్న ఫోను పలుకుతుంది, తమ్ముడిది పలకదు. ఒక గదిలో వస్తుంది, వంటింట్లో రాదు. బస్తీలో అందరూ తిట్టుకున్నారు, అలవాటుపడ్డారు. సోమమ్మ కొడుకు దుర్గేశ్ ఆటో నడుపుతాడు. ఇంట్లో అయినా వంతెన మీద అయినా వాడి ఫోను బాగానే మోగుతుంది. కోడలు నవీనది తార్లగూడెం. ఇంట్లో మిషను పెట్టుకుని రవికెలు కుడుతుంది. ఆమె ఫోనులో నాలుగు గీతలు ఎప్పుడూ నిండుగా ఉంటాయి. అదే ఇంట్లో, అదే మంచం మీద, సోమమ్మ బటన్ల ఫోనులో ఒక్క గీత ఉండదు.

ఇది ఎలా సాధ్యం? అదే ఆమె ప్రశ్న. ఒకే కప్పు కింద వాన ఒకరి మీద పడి ఇంకొకరి మీద పడకుండా ఉంటుందా?

నిజానికి ఆ ఎండాకాలంలోనే కంపెనీ పిల్ల ఒకతె రంగుల గొడుగు వేసుకుని వీధిలో కూర్చుంది. పాత సిమ్ముకు బదులు కొత్త సిమ్ము ఉచితంగా ఇస్తాం, వేలిముద్ర వేయండి అంది. దుర్గేశ్ మార్చుకున్నాడు, నవీన మార్చుకుంది. సోమమ్మ దగ్గరికి వస్తే ఆమె రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

"ఉత్తగ ఎవరన్న ఏమన్న ఇస్తరా? అంగూఠా దేనికి?"

"ఆధార్‌తో కలపడానికి, అమ్మా."

"గట్లనే రేషన్ కార్డుల నా పేరు తీసేస్తరు. పో, పో. ముందు ఆ గొడుగు తీయ్. నా గుమ్మానికడ్డం."

"సిమ్ము మార్చుకోకుంటే రేపు టవర్ రాదంట అత్తా," అని నవీన ఒకసారి చెప్పింది, రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పేసరికి సోమమ్మకు ఖాయమైపోయింది. పరాయి పిల్ల చెప్పిందంటే అది దాని పని. ఇంట్లో పిల్లకు నా వేలిముద్ర మీద ఇంత ఆరాటం ఎందుకు?

ఇప్పుడు, కొత్తల రోజుల్లో, నాలుగో రోజున సోమమ్మ మరమరాలమ్మే పక్కింటి సన్నేతో కలిసి సంజయ్ మార్కెట్‌కు పోయింది. అక్కడ రవికెలో ఫోను టింగ్‌మంది. తీసి చూస్తే గీతలు రెండు. పైన కవరు బొమ్మ. కవరు బొమ్మ అంటే కంపెనీవాళ్ళ వాగుడు, ఆమె ఎప్పుడూ తెరవదు. తెరిచినా చదవలేదు, చదవమని ఎవరికైనా ఇస్తే వాళ్ళేం నొక్కుతారో తెలియదు. "నీ ఫోన్ నుంచి చెయ్యి," అంది సన్నేతో. సన్నే చేసింది. సోమమ్మ ఫోను గణగణ మోగింది. మార్కెట్‌లో నలుగురు తిరిగి చూశారు.

ఇంటికొచ్చాక మళ్ళీ చేయించింది. మోగలేదు.

"బ్లాక్ చేసిన్రేమో, సోమమ్మా," అంది సన్నే, తనకు వచ్చిన తెలుగులో. "మా మరిది చేస్తడు అట్ల. ఫోన్‌ల ఒకటి నొక్కితే చాలు."

ఇంతే. అన్నం ముందు కూర్చున్నట్టు కూర్చుని సోమమ్మ ఆ మాటను నమిలింది. మార్కెట్‌లో మోగింది. ఇంట్లో మోగలేదు. మార్కెట్‌లో లేనిదీ ఇంట్లో ఉన్నదీ ఏమిటి? నవీన!

ఆ మీదట ప్రతిదీ రుజువులాగే కనబడింది. రవికె కుడుతూ నవీన ఫోను చూసి నవ్వితే తనను చూసి నవ్వినట్టుంది. "మీ ఫోన్ ఒకపారి ఇయ్యిండ్రి అత్తా, చూస్త," అని చెయ్యి చాస్తే, చేసిన పని సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడానికేనని అనిపించింది. దుర్గేశ్ మధ్యాహ్నం అన్నానికి వచ్చి, "నేను మామకు ఫోన్ చేస్తనే, ఏముంది?" అన్నాడు.

"చేసినవంటే నా మీద ఒట్టే. అక్క అడుక్కుంటుందని ఊరంతా నవ్వాల్నా?"

"మరేం చేద్దామంటవ్?"

"నీ పెండ్లాన్నడుగు. నా తమ్ముని నంబరు ఎందుకు బంద్ చేసిందో అడుగు."

మిషను చప్పుడు ఆగింది. దుర్గేశ్ భార్య వైపు చూశాడు. తప్పు అక్కడే చేశాడు వాడు. నవ్వి పారేయాల్సిన మాటకు నిజంగానే అడిగాడు. "ఏమన్న నొక్కినవా ఏంది, తెల్వక?"

నవీన లేచింది. ఏడవలేదు, అరవలేదు. తన ఫోను తీసుకెళ్ళి దేవుడి పటాల పక్కన గూట్లో బోర్లా పెట్టింది.

"అత్త ఫోన్ ఈ ఇంట్ల మోగినంక నా ఫోన్ ముట్టుకుంట. అప్పటిదాంక ముట్ట."

సోమమ్మకు లోపల కొంచెం బెరుకు కలిగిన మాట నిజం. కానీ బెరుకు కన్నా అనుమానం బలంగా ఉంది. చూడు, పట్టుబడేసరికి ఎంత నాటకమో అనుకుంది. గూట్లో ఆ ఫోను రోజుకు రెండుసార్లు మోగేది, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నవీన తల ఎత్తి గూటి వైపు చూసేది, మళ్ళీ సూది వైపు వంగేది. "ఎత్తవే," అన్నాడు దుర్గేశ్ ఒకరోజు. "నాకు ఒట్టుంది," అంది. రవికెల ఆడవాళ్ళయ్యుంటారు, రెండు రోజులు మొత్తుకుని వాళ్ళే ఇంటికొస్తారు అనుకుంది సోమమ్మ. మోగుతున్న ఆ ఫోనును చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. దానికి టవర్ ఉంది, ఎత్తే మనిషి లేదు. తనకు ఎత్తే మనిషి ఉంది, టవర్ లేదు.

పన్నెండో రోజున దుర్గేశ్ ఆటోలో మద్దేడు మనిషి ఒకడు ఎక్కాడట. మా దిక్కు కొత్తలు అయిపోయినయి, అన్ని ఊళ్ళూ తినేసినయి అని చెప్పాడట. దుర్గేశ్ ఆ మాటను దాచి ఉంటే బాగుండేది. వాడికి దాచడం చేతకాదు.

సోమమ్మ అటక మీది నుంచి ఇత్తడి చెంబు దింపింది. పెళ్ళినాడు పుట్టింటివాళ్ళు పెట్టింది. చింతపండు వేసి తళతళలాడేలా తోమింది. గుడ్డసంచిలో పెట్టుకుంది.

"ఏడికే?" అన్నాడు దుర్గేశ్.

"వాని చెంబు వాని గడపల పెట్టొస్త. తెగిందేదో నా కండ్ల ముందే తెగనీ."

మోకాళ్ళ నొప్పుల మనిషిని ఆరేడు గంటల బస్సులో ఒంటరిగా ఎలా పంపుతాడు? తనకు బడిపిల్లల కిరాయి ఉంది, వదలడానికి లేదు. నవీనను వెంట పంపాడు. నవీన చీర మార్చుకుంది. గూట్లో ఫోను గూట్లోనే ఉంది.

మర్నాడు పొద్దున బస్సు గీదం దాటింది. కిటికీ పక్కన నవీన, ఇటు సోమమ్మ, ఒళ్ళో చెంబు. భైరంగఢ్ దగ్గరికొచ్చేసరికి రవికెలో ఫోను టింగ్‌మంది. మళ్ళీ టింగ్. మళ్ళీ. ఆగకుండా మొదలుపెట్టింది. బస్సంతా తిరిగి చూసింది. కండక్టరు, "అమ్మా, దాని నోరు ముయ్యించు," అన్నాడు హిందీలో.

నవీన చెయ్యి చాచలేదు. అంతకుముందు చాచి భంగపడింది కదా. సోమమ్మ కూడా ఆమెకివ్వలేదు. ముందు సీట్లో తెల్లకోటు మడిచి ఒళ్ళో పెట్టుకున్న అమ్మాయి ఉంది, ఇందాక ఫోనులో ఎవరితోనో తెలుగులో మాట్లాడింది. సోమమ్మ ఆమె భుజం తట్టింది.

"బిడ్డా, నీ పేరేంది?"

"సునీత. బీజాపూర్ దవాఖానల నర్సును."

"జర ఇది ఏం కూస్తుందో చదివి చెప్పు. ఏం నొక్కకు. ఉత్తగ చదువు."

కోడలు పక్కనే ఉండగా ముక్కూమొహం తెలియని పిల్ల చేతిలో ఫోను పెట్టింది. నవీన మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

సునీత చూసింది. "అబ్బో, ఎన్నున్నయమ్మా! ఒక్కటి కూడ తెరవలేదు మీరు. రామయ్య అని ఉంది. ఈ నంబరు నుంచి మీకు కాల్ వచ్చింది, మీరు అందుబాటుల లేరు అని. ఇది మొన్నటిది. ఇది అటు మొన్న. ఇది..." వేలితో జరుపుతూ పోయింది. "రోజుకు రెండు మూడు సార్లు చేసిన్రు. దసరా అయిన నాటి నుంచి వరసగ ఉన్నయి."

చేశాడు. రోజూ చేశాడు. రామయ్య రోజూ అడిగాడు! సంతోషంతో సోమమ్మ కళ్ళు నిండాయి. ఆ వెనుకే కోపం పొంగింది. "చూసినవా బిడ్డా? చేసిండు. మరి నా ఇంట్ల ఎందుకు మోగలే? ఎవరో బంద్ చేసిన్రు. అది గూడ అందుల రాసి ఉంటది, చూడు."

నవీన కిటికీ అద్దం ఇంకొంచెం పక్కకు జరిపింది.

"బంద్ చేసింది కంపెనీవాళ్ళే," అంది సునీత. "ఇగో, ఎండాకాలం నుంచి పంపుతున్నరు. మీది పాత సిమ్ము, మీ ప్రాంతంల ఇక పనిచెయ్యదు, వేలిముద్ర వేసి మార్చుకోండి అని. ఒకటి, రెండు... ఏడుసార్లు పంపిన్రు. ఇక్కడింకా పాత టవర్లే ఉన్నట్టున్నయి, అందుకే ఆగినయన్నీ ఇప్పుడొచ్చినయి. మీకెవరూ చెప్పలేదా అమ్మా, మార్చుకోమని?"

సోమమ్మ ఫోను తీసుకుంది. "సల్లగుండు బిడ్డా," అంది. చెంబును ఒళ్ళో ఇటు నుంచి అటు మార్చుకుంది. రంగుల గొడుగు గుర్తొచ్చింది. చేతులు కొంగులో దాచుకోవడం గుర్తొచ్చింది. మార్కెట్‌లో టింగ్‌మన్న నాటి నుంచి రుజువు తన రవికెలోనే, తన గుండెకు ఆనుకునే ఉంది. దాన్ని ఎవరూ ముట్టకుండా కాపలా కాసింది తనే.

బీజాపూర్‌లో బస్సు ఆగితే నవీన దిగి రెండు అరటిపళ్ళు తెచ్చింది. ఒకటి అత్త చేతిలో పెట్టింది. సోమమ్మ దాన్ని ఒలుచుకోలేదు. "నవీనా," అంది. నవీన చూసింది. ఆ తరువాత ఏమనాలో సోమమ్మకు అలవాటు లేదు. "ఎండొస్తుంది, కిటికీ వెయ్యి," అంది చివరికి.

మద్దేడులో దిగి ఊరి దాకా పోయే జీపు ఎక్కారు. ఊరి మొదట్లో కొత్తగా నిలబెట్టిన టవర్ కనబడింది, ఎర్రగా, తెల్లగా. నిరుడు సోమమ్మ వచ్చినప్పుడు అక్కడ గుంత మాత్రమే ఉంది. ఒకప్పుడు ఈ ఊళ్ళో ఫోను మాట్లాడాలంటే గుట్ట ఎక్కాలి. ఇప్పుడు పశువుల కొట్టంలో కూడా మాట్లాడుతున్నారు.

రామయ్య అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. అక్కను చూసి లేచాడు, కానీ ఎదురు రాలేదు. గుమ్మం పైన కొత్త వరికంకుల కుచ్చు వేలాడుతోంది. దాన్ని కట్టిన దారం ఇంకా విప్పలేదు. సోమమ్మ చూపు అక్కడే నిలిచిపోయింది. తింటే విప్పుతారు. విప్పలేదంటే తినలేదు.

"ఊరంతా తిన్నది," అంది రామయ్య భార్య పార్వతమ్మ, గడపలో నిలబడి. "మా ఇంట్ల పన్నెండు దినాల నుంచి రేషన్ బియ్యమే, వదినా. కొత్తయి గంపల ఉన్నయి. వండుదామంటే కొడతా అంటడు."

"నేను రోజు చేసిన," అన్నాడు రామయ్య. "టవర్ కిందికి పోయి మరీ చేసిన. బంద్ ఉంది, బంద్ ఉంది అని వస్తది. మేకకూర మాటకు నేనేమన్న అన్ననా అక్కా? ఏడాది సంది ఒక్క మాటన్న అన్ననా? నా మీద కోపముంటే మొకం మీద అను. ఫోన్ బంద్ పెట్టుకునుడేంది?"

"బంద్ పెట్టలేరా. పట్నంల నా ఫోన్‌కు టవర్ రాలే."

రామయ్య నవ్వాడు. అది మంచి నవ్వు కాదు. అరుగు మీద చేరిన ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. "అక్కా, అడివిల ఉన్న మాకే నాలుగు గీతలొస్తున్నయి. జగదల్‌పూర్‌ల టవర్ రాదంటే నమ్మమంటవా?"

"మరి దుర్గేశుకన్న చెయ్యకపోయినవా?"

"మా అక్క నాతోని మాట్లాడదంట, జర చెప్పురా అని మేనల్లునితోని చెప్పించుకోవాల్నా? గంత దిక్కులేనోన్నా?" రామయ్య చూపు నవీన మీదికి మళ్ళింది. కొంచెం ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. "నిజం చెప్పక్కా. నువ్వు చెయ్యకుంటే ఎవరన్న చేసిన్రా? ఈ పిల్ల ఏమన్న నొక్కిందా? ఇయ్యాల రేపు కోడండ్లకు అత్తల పుట్టిల్లన్నా ఆడబిడ్డలన్నా పడుతలేదు. అట్లయితే చెప్పు, నాకు నీ మీద కోపమే లేదు."

ఎంత సులువైన దారి! ఒక్క తల ఊపు చాలు. ఇవాళ పొద్దునదాకా ఆమె స్వయంగా నమ్మిన మాటే అది. అరుగు మీది వాళ్ళంతా అప్పుడే నవీనను చూసే చూపు మార్చుకున్నారు. నవీన పమిటచెంగు భుజం మీదికి లాక్కుని నిలబడింది. ఏమంటావో అను అన్నట్టు అత్తను సూటిగా చూసింది.

"ఈమె ఏం చెయ్యలే," అంది సోమమ్మ. "సిమ్ము మార్చుకొమ్మని మూడుసార్లు చెప్పింది. నేనే అంగూఠా వెయ్యలే. వేస్తే ఏదో ఎత్తుకపోతరనుకున్న. తప్పు నాదేరా."

సోమమ్మ తప్పు ఒప్పుకోవడం రామయ్య పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. అందుకే నమ్మాడు. సంచిలోంచి చెంబు అంచు కనబడుతోంది. పార్వతమ్మకు అదేమిటో అర్థమైంది. మెల్లగా సంచి అందుకుని, చెంబు తీసి, కొత్త బియ్యం కడగడానికి దానితోనే నీళ్ళు ముంచుకుని పోయింది.

అన్నం ఉడికింది. కొత్త బియ్యం వాసన ఇల్లంతా నిండింది. అందరూ వరుసగా కూర్చున్నారు. రామయ్య అక్క ఎదురుగా గొంతుక్కూర్చుని రెండు చేతులూ జోడించాడు. "కొత్తలు తింటున్నం అక్కా..."

సోమమ్మ నోరు తెరిచింది. తలుపు పక్కన నవీన నిలబడి ఉంది, వరుసలో కూర్చోకుండా. ఎందుకో ఆమెకు గూట్లో రోజుకు రెండుసార్లు మోగిన ఫోను గుర్తొచ్చింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. రవికెల ఆడవాళ్ళు అలా వేళ పెట్టుకుని చేస్తారా?

నవీన కూడా తన పుట్టింటికి పెద్ద ఆడబిడ్డే. తార్లగూడెంలోనూ అదే ఆచారం, అక్కడ అడిగేది తల్లి.

"ఆగురా," అంది తమ్ముడితో. "నవీనా, మీ ఇంట్ల కొత్తలెప్పుడు?"

నవీన పమిటచెంగు వేలికి చుట్టుకుంది.

"నీ అమ్మ చేసిందా? నిన్నడిగిందా?"

"ఫోన్ గూట్ల ఉంది కదా అత్తా. నాకెట్ల తెలుస్తది?"

సోమమ్మ చెయ్యి చాచింది. "ఆ ఫోన్ ఇటియ్యిరా రామయ్యా. పిల్లా, మీ అమ్మ నంబరు చెప్పు." నవీన చెప్పింది, పార్వతమ్మ నొక్కి చేతికిచ్చింది. రెండో రింగుకే ఎత్తారు. నవీన తల్లి బుల్లమ్మది పెద్ద గొంతు. ఫోను చెవి దగ్గర పెట్టుకున్నా వరుస చివరిదాకా వినబడింది.

"నేను వదినా, సోమమ్మను. మీ దిక్కు కొత్తలు..."

"తిన్నం వదినా," అంది బుల్లమ్మ. "ఆరు దినాలు చూసినం. పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి చేసిన. రింగయితది, ఎత్తదు. పిల్లలు ఎన్ని దినాలని ఆగుతరు? ఆదివారం నాడు తినేసినం." కొంచెం ఆగింది. "ఒకటడుగుత, ఏమనుకోకు. నా బిడ్డ రింగయితుంటే ఎత్తకుండ ఉండే పిల్ల కాదు. నువ్వేమన్న దాని ఫోన్ గుంజుకున్నవా? మా ఇంట్ల అందరికీ అదే అనుమానం."

సోమమ్మకు తెలిసిన ఉపాయం ఒకటుంది, అందరికీ తెలిసిందే. హలో, హలో, ఇనపడతలేదు, టవర్ లేదు అని ఎర్ర బటన్ నొక్కేయడం. సన్నే మీద వాడింది, చుట్టాల మీద వాడింది. బొటనవేలు దానంతటదే బటన్ వెతుక్కుంది. ఫోను చెవి నుంచి తీసి చూసింది. నాలుగు గీతలు. నిండుగా.

మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది.

"గుంజుకోలే వదినా. అంతకంటే ఎక్కువే చేసిన. నా ఫోన్ మోగలేదని నీ బిడ్డను దొంగను చేసిన. అది ఒట్టు పెట్టుకుని ఫోన్ ముట్టలే. మీ అనుమానం నిజమే."

అవతల చప్పుడు లేదు.

"ఇనపడుతుందా వదినా?"

"మంచిగ ఇనపడుతుంది," అంది బుల్లమ్మ. "నా బిడ్డకియ్యి."

నవీన ఫోను తీసుకుంది. ఒట్టు పెట్టుకున్నాక ఆమె ఫోను ముట్టడం అదే మొదలు. "అమ్మా," అంది. విన్నది. "తిన్నరా?" అంది. మళ్ళీ విన్నది. "పోనీయ్ అమ్మా. పిల్లలాగరు కదా. మంచిగయింది." ఫోను రామయ్యకు తిరిగి ఇచ్చి మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది. వచ్చి వరుస చివర కూర్చుంది.

"అన్నం సల్లారుతుంది మామా," అంది. "అడుగుండ్రి."

రామయ్య మళ్ళీ చేతులు జోడించాడు. "కొత్తలు తింటున్నం అక్కా, తినమంటవా?"

సోమమ్మ పెదవులు కదిలాయి. మూరెడు దూరంలో ఉన్న రామయ్య తల ముందుకు వంచి చెవి ఒగ్గాడు.

"ఏందక్కా? ఇనపడలే."

"తినుండ్రి బిడ్డా" అని ఆమె రెండోసారి అనాల్సి వచ్చింది.